చోన్, అంగుళం, బెత్తెడు: కొరియా స్వీయ ఆక్యుప్రెషర్ – దిగువ కృష్ణా డెల్టా ఇంటిభాష

వ్యాససంగ్రహం

కొరియా సంప్రదాయ వైద్యంలో తలనొప్పి, అజీర్తి, వాంతి, నెలసరి నొప్పి వంటి సాధారణ బాధలకు ఎవరి శరీరంపై వారే వేలితో ఒత్తుకొనే పద్ధతి ఇంటింటి వాడుకలో ఉంది. ఈ పద్ధతి మరో భాషా సమాజంలోకి వచ్చినప్పుడు మొదట ఎదురయ్యేది భాషాసమస్య. ఎక్కడ ఒత్తాలో చెప్పే కొలత, ఆ చోటిని సూచించే మాట, ఎంత ఒత్తాలో తెలిపే అనుభూతిపదం, ఎప్పుడు ఒత్తకూడదో చెప్పే రోగనామం అనే నాలుగింటిలో ఏది తప్పినా వేలు తప్పుచోట పడుతుంది, లేదా పడకూడని వేళ పడుతుంది. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల గృహవ్యవహారంలోని పదాలను ఆధారంగా చేసుకొని ఈ పద్ధతిని వివరించడం, దాని హద్దులను గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

కీలకపదాలు: కొరియా సంప్రదాయ వైద్యం, ఆక్యుప్రెషర్, స్వాంగుళ ప్రమాణం, మర్మస్థానాలు, గృహవైద్య పరిభాష, కృష్ణా డెల్టా.

ఉపోద్ఘాతం

దిగువ కృష్ణా డెల్టాలో వైద్యం అనే మాటకు ఒకే అర్థం ఎన్నడూ లేదు. బందరులో ఆంగ్ల వైద్యం చదివిన భోగరాజు పట్టాభి సీతారామయ్య రాజకీయాల్లోకి పూర్తిగా రాకముందు అక్కడే వైద్యవృత్తి చేశారు. గుడివాడలో 1945లో మొదలైన హోమియో వైద్య కళాశాల నేటికీ డాక్టర్ గురురాజు పేరుతో ప్రభుత్వ కళాశాలగా నడుస్తోంది. గుడివాడ ప్రాంతపు ఎలకుర్రుకు చెందిన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించారు. ఆ చిన్న సీసా తెలుగు ఇళ్లకు చేరాక, కణతలను వేలితో రుద్దుకోవడం తలనొప్పికి మొదటి చికిత్స అయింది. ఉపశమనంలో మందు పాలెంత, రుద్దిన వేలి పాలెంత అన్న ప్రశ్న ఇంట్లో ఎవరూ వేయరు. కొరియా గృహవైద్యం వేసే ప్రశ్న సరిగ్గా అదే. అక్కడ మందు తీసేసి వేలిని మాత్రమే ఉంచారు.

స్పర్శతో బాధ తగ్గుతుందన్న నమ్మకం తెలుగువారికి కొత్త కాదు. ఆసుపత్రిలో వైద్యుడి డిగ్రీతో పాటు ఆయన హస్తవాసి గురించి కూడా వాకబు చేసే అలవాటు ఈ ప్రాంతంలో ఇప్పటికీ ఉంది. కొరియా భాషలో దీనికి దగ్గరగా ‘యాక్‌సోన్’ అనే మాట ఉంది. ‘యాక్’ అంటే మందు, ‘సోన్’ అంటే చేయి. కడుపునొప్పితో ఏడ్చే పిల్లవాడి పొట్టను నిమిరే అమ్మమ్మ చేతిని అక్కడ మందుచేయి అంటారు. రెండు మాటలకూ ఒక తేడా ఉంది. హస్తవాసి వృత్తివైద్యుడికి చెందినది, యాక్‌సోన్ ఇంటి పెద్దావిడకు చెందినది. స్వీయ ఆక్యుప్రెషర్ పుట్టింది ఈ రెండో వైపు నుండి అనుకుంటే దాని స్వభావం సులువుగా బోధపడుతుంది.

గ్రంథం, గృహం

కొరియా వైద్యానికి ప్రధాన గ్రంథం ‘డోంగ్‌ఉయి బోగమ్’. జోసన్ రాజు సోన్‌జో ఆజ్ఞపై 1596లో మొదలైన ఈ రచనను ఆస్థాన వైద్యుడు హో జున్ 1610లో పూర్తిచేశాడు. 1613లో 25 సంపుటాలుగా అచ్చయింది. 2009లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేరింది. మూలికలు, సూది, కాల్పుతో పాటు శ్వాసను, అంగచలనాన్ని కలిపి ఎవరికి వారు చేసుకొనే ‘దోయిన్’ అభ్యాసాలను కూడా ఈ గ్రంథం పలుచోట్ల చెబుతుంది. రోగి తన శరీరంపై తానే పనిచేయవచ్చన్న భావనకు అక్కడ శాస్త్రగౌరవం దక్కింది.

భాషాపరిశోధకులు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఇంకొకటి ఉంది. గ్రంథం రాసింది పండితభాష అయిన ప్రాచీన చైనీయంలో. అయినా మూలికల భాగంలో వాటి దేశీయనామాలను కొరియా లిపిలో చేర్చారు. ఊళ్లో దొరికే మొక్కను ఊరివాళ్ల పేరుతో చెప్పకపోతే పుస్తకం అలమరలోనే ఉంటుందని రాజు, వైద్యుడు ఇద్దరూ గ్రహించారన్నమాట. హో జున్ అంతటితో ఆగలేదు. అత్యవసర చికిత్స, ప్రసవం, మశూచి వంటి విషయాలపై దేశభాషా వివరణలతో వేరే పుస్తకాలు కూడా సిద్ధంచేశాడు. తెలుగులో ఇటువంటి ప్రయత్నానికి మంచి ఉదాహరణ ద్రోణంరాజు వేంకటాచలపతిశర్మది. జర్మనీకి చెందిన లూయీ కూనే ప్రకృతి చికిత్సా గ్రంథాన్ని ఆయన 1894లో తెలుగులోకి తెచ్చారు. భారతదేశంలో ప్రకృతి వైద్యోద్యమం ఆరంభాన్ని ఆ అనువాదంతోనే లెక్కిస్తారు. పరాయి చికిత్సాపద్ధతి తెలుగు ఇంట్లో నిలవాలంటే ముందు అది తెలుగు వాక్యంలో నిలవాలి.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. మన పట్టణాల్లో ‘కొరియా వైద్యం’ పేరుతో ఎక్కువగా వినిపించేది సుజోక్. ‘సు’ అంటే చేయి, ‘జోక్’ అంటే పాదం. అరచేతిలోను, అరికాలిలోను శరీరమంతా ప్రతిబింబిస్తుందని చెప్పి, మెంతులో పెసలో టేపుతో అతికించే ఈ పద్ధతిని పార్క్ జే వూ 1980లలో రూపొందించారు. దీనికి ముందు 1971లో యూ తే వూ చేతికే పరిమితమైన మరో పద్ధతిని ప్రతిపాదించారు. రెండూ ఇరవయ్యో శతాబ్దపు నిర్మాణాలు. కరపత్రాలు వీటిని వేల ఏళ్ల ప్రాచీన విద్యగా చెప్పడం సరికాదు. కొరియా ఇళ్లలో తరతరాలుగా వాడుకలో ఉన్నవి ప్రధానంగా శరీరమంతటా ఉన్న ప్రాచీన స్థానాలు. ఈ వ్యాసం పరిధి వాటికే పరిమితం.

మచిలీపట్నానికి సంబంధించిన ఒక చిన్న ముచ్చట కూడా ఇక్కడ ప్రస్తావించదగింది. 17వ శతాబ్దంలో బందరులో వర్తకస్థావరం నడిపిన డచ్చి ఈస్టిండియా కంపెనీకే జపాన్‌లోని దేజిమాలోనూ స్థావరం ఉండేది. అక్కడ పనిచేసిన కంపెనీ వైద్యుడు విల్లెం టెన్ రైనే 1683లో లండన్‌లో లాటిన్ గ్రంథం ప్రచురించి, తూర్పు ఆసియా సూదివైద్యాన్ని యూరప్‌కు వివరంగా పరిచయం చేశాడు. బందరు రేవునుండి కలంకారీ బట్ట వెళ్లిన కంపెనీ ఓడల చరిత్రలోనే ఈ వైద్యవిద్య చరిత్ర కూడా కొంత ఉంది.

కొలత: అంగుళం చేసే మోసం

శరీరంపై ఒక చోటిని చెప్పడానికి కొరియా వైద్యులు వాడే ప్రమాణం ‘చోన్’. రోగి బొటనవేలి కణుపు దగ్గరి వెడల్పు ఒక చోన్. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు కలిపి ఉంచితే సుమారు రెండు చోన్‌లు. చిటికెనవేలు కూడా కలిస్తే మూడు. ముఖ్యమైన నియమం ఏమంటే, ఆ వేళ్లు బాధపడే మనిషివే కావాలి. ఆరడుగుల మనిషికీ, ఆరేళ్ల పిల్లకూ చోన్ ఒకటి కాదు. కొలత శరీరంతో పాటే పెరుగుతుంది.

భారతీయ వైద్యశాస్త్రానికి ఇది పరిచయమైన భావనే. సుశ్రుతసంహిత శరీరప్రమాణాలను రోగి స్వంత వేలితోనే, అంటే స్వాంగుళ ప్రమాణంతోనే చెబుతుంది. అందువల్ల ‘చోన్’కు ‘అంగుళం’ సరైన అనువాదమని తొలిచూపుకు తోస్తుంది. కానీ అది రెండు విధాల మోసం చేస్తుంది. మొదటిది, నేటి తెలుగులో అంగుళం అంటే దర్జీ టేపుమీద ఉండే 2.54 సెంటీమీటర్లు. పెడన కలంకారీ పనివారిని అడిగినా, చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగల పనివారిని అడిగినా ఆ లెక్కే చెబుతారు. వేలి అర్థం మరుగునపడింది. రెండవది మరింత సూక్ష్మమైనది. ప్రాచీన అంగుళం ఒక వేలి వెడల్పు, చోన్ బొటనవేలి వెడల్పు. నాలుగు వేళ్లు పక్కపక్కన ఉంచితే మన లెక్కలో నాలుగు అంగుళాలు, కొరియా లెక్కలో మూడు చోన్‌లు. ‘మూడు చోన్‌ల కింద’ అన్నదాన్ని ‘మూడు అంగుళాల కింద’ అని రాస్తే, పాతకాలపు పాఠకుడు ఒక వేలు పైన ఆగిపోతాడు. నేటి పాఠకుడు టేపు తెచ్చుకుంటాడు.

దీనికి పరిష్కారం ఇంట్లోనే ఉంది. నాలుగు వేళ్ల వెడల్పుకు తెలుగులో ‘బెత్తెడు’ అనే నిఖార్సయిన మాట ఉంది. వరిమడిలో నీరు ఎంత నిలవాలో, గట్టు ఎంత ఎత్తు లేపాలో ఈ మాటతో చెప్పుకోవచ్చు. మూడు చోన్‌లంటే బెత్తెడు, రెండు చోన్‌లంటే మూడు వేళ్లు, ఒక చోన్ అంటే బొటనవేలి వెడల్పు. అంకె మారినా చోటు మారదు. అనువాదంలో అంకెను కాపాడి చోటును పోగొట్టుకోవడం కంటే ఇదే మేలు. బెత్తెడు అన్నప్పుడు మనిషి అప్రయత్నంగా తన చేతినే చూసుకుంటాడు. చోన్ కోరేదీ అదే. అయితే కోడలు అత్తగారికి ఒత్తేటప్పుడు మాత్రం ‘ఎవరి బెత్తెడు’ అన్నది చెప్పి తీరాలి. కొలవవలసింది అత్తగారి వేళ్లతో.

వైద్యపండితుల మధ్య కూడా ఈ కొలత సులువుగా తేలలేదు. సంప్రదాయం లెక్కించే 361 స్థానాల్లో 92 చోట్ల చైనా, జపాన్, కొరియా నిపుణులకు ఏకాభిప్రాయం లేకపోయింది. 2003 నుండి 2006 వరకు చర్చలు జరిగాక, 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పశ్చిమ పసిఫిక్ ప్రాంతీయ కార్యాలయం స్థాననిర్ణయ ప్రమాణగ్రంథాన్ని వెలువరించింది. శతాబ్దాల సంప్రదాయం అంటే అందులో అన్నీ స్థిరమై ఉన్నాయని భావించేవారికి ఈ సంఖ్య చాలు.

బిందువు కాదు, గుంట

తెలుగు పుస్తకాలు ఒత్తే చోటును ‘బిందువు’ అంటున్నాయి. బిందువుకు పొడవు, వెడల్పు, లోతు ఉండవని బడిలో నేర్పుతారు. కొరియా పదం ‘హ్యోల్’కు మూలార్థం గుంట, బొరియ. వేలు పెడితే కొద్దిగా దిగే చోటు అన్నమాట. కాబట్టి వెతకవలసింది చుక్కను కాదు. కొలతతో దగ్గరకు వెళ్లి, వేలితో తడిమి, మెత్తగా దిగి కొంచెం సలుపు పుట్టే చోట ఆగాలి. మెడ వెనుక పుర్రె అంచు కింద ఇరువైపులా ఉండే ‘పుంగ్‌జి’ పేరుకు గాలిచెరువు అని అర్థం. తెలుగువారు ఆ ప్రాంతాన్ని మెడగుంట అనడంలో ఎవరి ప్రభావమూ లేదు, వేలికి తగిలినదే మాట అయింది.

ఇంటి వాడుకకు ముఖ్యమైన స్థానాలు కొద్దే. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ, చూపుడువేలి అరచేతి ఎముక మధ్యభాగం పక్కన ఉండేది ‘హప్‌గోక్’, అంటే కలిసిన లోయ. తలనొప్పికి, పంటినొప్పికి దీన్ని ఒత్తుతారు. అరచేయి పైకి ఉంచి, మణికట్టు మడతనుండి మోచేతి వైపు మూడు వేళ్ల దూరంలో ఉండేది ‘నేగ్వాన్’, లోపలి ద్వారం. ఇది వాంతి, వికారాలకు. మోకాటి చిప్ప కింద బయటివైపు గుంటనుండి బెత్తెడు దిగువన, కాలి ముందెముక అంచుకు ఒక వేలు వెలుపల ఉండేది ‘జోక్‌సమ్ని’. ఇది పొట్టకు, కాళ్ల అలసటకు. లోపలి చీలమండ ఎముకకు బెత్తెడు పైన, ఎముక వెనుక ఉండేది ‘సమ్‌ఉమ్‌గ్యో’. ఇది నెలసరి నొప్పికి. పాదం మీద బొటనవేలికీ పక్కవేలికీ మధ్య, రెండెముకలు కలిసేచోటికి ముందున్నది ‘తేచుంగ్’. రెండు హప్‌గోక్‌లు, రెండు తేచుంగ్‌లు కలిపి ‘సాగ్వాన్’, అంటే నాలుగు ద్వారాలు. తిన్నది లోపల అడ్డంపడిందని కొరియనులు భావించినప్పుడు మొదట తడిమేది వీటినే.

ఈ నాలుగు ద్వారాల దగ్గర సుశ్రుతుణ్ణి మరొకసారి గుర్తుచేసుకోవాలి. ఆయన చెప్పిన 107 మర్మాల్లో ‘క్షిప్రం’ పాదంలో బొటనవేలికీ పక్కవేలికీ నడుమ, చేతిలో కూడా అదే రీతిగా ఉంటుంది. రెండు చేతులు, రెండు కాళ్లు కలిపి నాలుగు. అంటే సాగ్వాన్ నాలుగూ దాదాపు క్షిప్రమర్మం నాలుగు చోట్లే. కానీ దృష్టి పూర్తిగా వేరు. సుశ్రుతుడు శస్త్రవైద్యుడు. అక్కడ దెబ్బ తగిలితే ఆక్షేపకం వచ్చి ప్రాణహాని కలుగుతుందని, శస్త్రం పెట్టేటప్పుడు తప్పించమని చెప్పాడు. కొరియా వైద్యుడు అక్కడే వేలుపెట్టి బాధ తీర్చమన్నాడు. రెండు సంప్రదాయాలు ఒకే చోటిని ముఖ్యమైనదిగా గుర్తించాయన్నంత వరకే చెప్పవచ్చు. దీని ఆధారంగా ఒకదాన్నుండి మరొకటి పుట్టిందని తీర్మానించే ఉత్సాహాన్ని అదుపులో పెట్టుకోవాలి. చేయి నిర్మాణం అన్ని దేశాల్లోనూ ఒకటే.

నరం అనే చిక్కుముడి

నేగ్వాన్ స్థానాన్ని చాలా కరపత్రాలు ‘రెండు నరాల మధ్య’ అని చెబుతాయి. తెలుగు ఇంటిభాషలో నరం బహురూపి. రక్తం తీసే సూది నరానికే గుచ్చుతారు. నడుము పట్టేస్తే నరమే పట్టింది. పక్షవాతంలో నరాలే పడిపోయాయి. సిర, నాడీతంతువు, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయుబంధనం అన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడిపోయాయి. మణికట్టు దగ్గర నీలంగా కనిపించే రక్తనాళాలను చూసి వాటి మధ్య ఒత్తితే స్థానం తప్పినట్టే. అక్కడ ఉద్దేశించింది స్నాయుబంధనాలను. పాఠ్యపుస్తకాల మాట ఇంట్లో నడవదు కాబట్టి, ‘పిడికిలి బిగించి మణికట్టును కొంచెం లోపలికి వంచితే తాళ్లలా పైకి తేలే రెండు పోగుల నడుమ’ అని వర్ణించడమే నయం. కొందరిలో ఒక పోగు పుట్టుకతోనే ఉండదు. అటువంటివారు మణికట్టు వెడల్పు మధ్యభాగాన్ని ఆధారం చేసుకోవచ్చు.

ఎంత గట్టిగా ఒత్తాలన్నది మరొక చిక్కు. కిలోల్లో చెప్పలేం. సరైన చోట తగినంత ఒత్తిడి పడినప్పుడు బరువుగా, తిమ్మిరిగా, నిండుగా ఉండే అనుభూతిని కొరియా వైద్యులు ‘దుక్‌గి’ అంటారు. ఇంట్లో ఆ మాట వినిపించదు, ‘శివోన్‌హదా’ అంటారు. దాని నిఘంటువు అర్థం చల్లగా ఉండడం. పొగలు కక్కే పులుసు తాగినా, భుజాలు గట్టిగా పిసికించుకున్నా కొరియనులు చల్లగా ఉందనే అంటారు. అక్షరానువాదం ఇక్కడ నవ్వు పుట్టిస్తుంది. తెలుగులో దీనికి సాటివచ్చేవి ‘తీపు’, ‘తియ్యని నొప్పి’, ‘ప్రాణం లేచివచ్చింది’ వంటి వాడుకలు. రోజంతా వంగి నాట్లు వేసిన మనిషి నడుము తొక్కించుకొని అనే ‘హమ్మయ్య’లో శివోన్‌హదా పూర్తిగా ఉంది. తియ్యని నొప్పి వరకు ఒత్తాలి, మంట, పోటు, జివ్వుమని లాగడం మొదలైతే ఆపాలి. ఇంతకంటే స్పష్టమైన సూచన తెలుగులో అవసరం లేదు. ఒక్కొక్క చోట ఒకటి రెండు నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు చేయడం సాధారణ పద్ధతి.

ఫలితం ఎంతవరకు

ఇంటి అనుభవం, పరిశోధన ఫలితం రెండూ ఒకటి కావు. ఈ స్థానాల్లో గట్టి ఆధారం ఉన్నది నేగ్వాన్‌కు. శస్త్రచికిత్స తరువాత వచ్చే వికారం, వాంతులపై కోక్రేన్ సంస్థ 2015 సమీక్ష 59 ప్రయోగాలను, 7,667 మందిని పరిశీలించింది. నకిలీ చికిత్సతో పోలిస్తే ఈ స్థానాన్ని ప్రేరేపించినవారిలో వికారం, వాంతులు తగ్గాయని, వాంతి నిరోధక మందులతో పోల్చదగిన ఫలితం కనిపించిందని అది తేల్చింది. అందులో సూది, విద్యుత్తు, ఒత్తిడి అన్నీ కలిసి ఉన్నాయని, అది ఆసుపత్రి పరిస్థితి అని మరచిపోరాదు. అవనిగడ్డ నుండి బందరుకు బస్సులో వచ్చేవారి కడుపు తిప్పుడుకు ఆ అంకెను యథాతథంగా అన్వయించడం కుదరదు. ప్రయత్నిస్తే నష్టం లేదు అన్నంతవరకే అది బలమిస్తుంది.

స్వయంగా ఒత్తుకోవడాన్నే పరీక్షించిన అధ్యయనాలు తక్కువ, కానీ ఉన్నాయి. నెలసరి నొప్పిపై బెర్లిన్‌లో 221 మంది యువతులతో జరిపి 2018లో ప్రచురించిన ప్రయోగంలో, ఫోన్ యాప్ సూచనలతో హప్‌గోక్, సమ్‌ఉమ్‌గ్యో, తేచుంగ్ స్థానాలను ఒత్తుకున్నవారిలో మూడు నెలసరుల తరువాత 37 శాతానికి నొప్పి సగానికి తగ్గింది. ఒత్తుకోనివారిలో అది 25 శాతం. ఆరు నెలసరుల తరువాత అవి 58, 24 శాతాలు. రొమ్ము క్యాన్సర్ చికిత్స పూర్తయిన 270 మంది స్త్రీల అలసటపై అమెరికాలో 2016లో వెలువడిన అధ్యయనం కూడా స్వీయ ఆక్యుప్రెషర్‌కు అనుకూలంగానే ఉంది. ఇటువంటి ప్రయోగాలన్నింటికీ ఒక సహజ బలహీనత ఉంది. తాను ఒత్తుకుంటున్నానో లేదో రోగికి తెలుసు. నమ్మకం, శ్రద్ధ, విశ్రాంతి కూడా ఫలితంలో కలుస్తాయి. ‘కి’ అనే ప్రాణశక్తి నాళాల్లో ప్రవహిస్తుందన్న సిద్ధాంతాన్ని ఈ అంకెలు నిరూపించవు. నొప్పి తగ్గిందా అన్నదానికే అవి సమాధానం.

భారత ప్రభుత్వం 2003 నవంబరు ఉత్తర్వులో ఆక్యుపంక్చర్‌ను శిక్షణ పొందినవారు చేయదగిన చికిత్సావిధానంగా అనుమతించింది, 2019లో స్వతంత్ర పద్ధతిగా గుర్తించింది. ఇది సూదివైద్యానికి సంబంధించినది. ఇంట్లో వేలితో ఒత్తుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. అక్కరలేకపోవడం వల్లనే జాగ్రత్త ఇంటివారిపై పడుతుంది.

‘గ్యాస్’ అనే మాట, ఏటిమొగ పంటు

కొరియా గృహవైద్యంలో ‘చే’ అని ఒక బాధ ఉంది. తిన్నది గుండె కింద అడ్డంపడి, తల బరువెక్కి, చేతులు చల్లబడే స్థితి అది. దానికి సాగ్వాన్ ఒత్తుతారు. అమ్మమ్మలైతే బొటనవేలు గోరు మొదట్లో దారం చుట్టి సూదితో పొడిచి నల్లని రక్తపుచుక్క తీస్తారు. రక్తం నల్లబడేది దారం బిగింపువల్లే. కాల్చని సూదితో క్రిములు చేరతాయి కనుక ఈ ఆచారాన్ని ఎవరూ అనుకరించనక్కరలేదు. కానీ ‘చే’ అనే మాటలో ఉన్న ప్రమాదం తెలుగులో మరొక పేరుతో ఉంది.

డెల్టా ఊళ్లలో ఛాతీమధ్య బరువు, పైపొట్ట మంట, ఆయాసం, చెమట అన్నీ ‘గ్యాస్’ ఖాతాలోకే వెళతాయి. గ్యాస్‌కు ముందు సోడా, తరువాత వాము, ఆ తరువాత మాత్ర. ఈ వరుసలో నేగ్వాన్ కూడా చేరితే మరో అరగంట గడిచిపోతుంది. గుండెపోటు కూడా సరిగ్గా అదే రూపంలో రాగలదు. మధుమేహం ఉన్నవారిలో, స్త్రీలలో, వృద్ధులలో ఛాతీనొప్పి స్పష్టంగా లేకుండానే రావచ్చు. దానికితోడు సంప్రదాయం నేగ్వాన్‌ను గుండెదడకూ చెబుతుంది. ఈ పుస్తకవాక్యం, ఇంటిభాషలోని గ్యాస్ రెండూ కలిసేచోట మనిషి ప్రాణం ప్రమాదంలో పడుతుంది. నలభై దాటిన మనిషికి ఛాతీలోగాని, పైపొట్టలోగాని బరువు వచ్చి చెమటలు పట్టినా, నొప్పి దవడకో ఎడమచేతికో పాకినా వేలు పెట్టే పని లేదు. 108కి ఫోన్ చేయాలి. గృహవైద్యంపై తెలుగులో వచ్చే ఏ పుస్తకమైనా ‘గ్యాస్‌కు ఈ చోట ఒత్తండి’ అని రాస్తే అది భాషాదోషం మాత్రమే కాదు.

దివిసీమలో కాలవ్యయం ఇంకా ఖరీదైనది. ఎదురుమొండి దీవులవారు ఏటిమొగ వద్ద పంటు దాటితేగాని నాగాయలంక వైపు చేరలేరు. నాట్ల కాలంలో పొలంగట్లపై పాముకాట్లు ఈ ప్రాంతానికి పాతబాధ. 2018 వర్షాకాలంలో అవి పెరిగినప్పుడు మోపిదేవిలో సర్పయాగం కూడా చేశారు. విషానికి విరుగుడు ఆసుపత్రిలోని విషనిరోధక ఇంజక్షనే. కాటుపై నొక్కడం, కోయడం, పీల్చడం, బిగించి కట్టడం అన్నీ హానికరం. కాలు కదలకుండా ఉంచి అవనిగడ్డ దారి పట్టాలి. పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో ప్రకటించిన కార్యాచరణ ప్రణాళిక కూడా త్వరిత చికిత్సపైనే ఆధారపడింది.

మిగిలిన జాగ్రత్తలు క్లుప్తంగా చెప్పవచ్చు. గర్భిణులు హప్‌గోక్, సమ్‌ఉమ్‌గ్యో ఒత్తకూడదని సంప్రదాయమే నిషేధించింది. ఒక పిక్క మాత్రమే వాచి, వేడెక్కి, నొప్పిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, అక్కడ పిసకరాదు. మధుమేహంతో అరికాళ్లు మొద్దుబారినవారికి తియ్యని నొప్పి తెలియదు కనుక కర్రముక్కలతో, ముళ్ల రోలర్లతో పాదాలు ఒత్తుకోవడం పుండుకు దారితీస్తుంది. రక్తం పలుచబడే మందులు వాడేవారికి కమిలిన మచ్చలు వస్తాయి. పుండు, బోదకాలు వాపు, విరిగిన ఎముక ఉన్నచోట వేలు పెట్టరాదు. కలంకారీ అచ్చును రోజంతా అరచేత్తో కొట్టే పనివారికి బొటనవేలి మొదట్లో నొప్పి వస్తే, అదే చోట హప్‌గోక్ ఒత్తడం గాయంపై గాయం. వారికి కావలసింది విరామం.

ఒక నమూనా సూచన

పైన చర్చించిన పదాలను కలిపి, ప్రయాణపు వికారానికి నేగ్వాన్ సూచనను ఇంటిభాషలో ఈ విధంగా కూర్చవచ్చు. హెచ్చరికను చివర కాక మొదటే ఉంచడం ఇందులో ఉద్దేశపూర్వకం, ఎందుకంటే బాధలో ఉన్న మనిషి కాగితం చివరిదాకా చదవడు.

“ఛాతీలో బరువు, చెమట, ఆయాసం ఉంటే ఇది మీకు కాదు, వెంటనే 108కి చెప్పండి. బస్సులోనో పడవలోనో కడుపు తిప్పితే ఎడమ అరచేయి పైకి పెట్టండి. మీ కుడిచేతి మూడు వేళ్లు కలిపి మణికట్టు మడతమీద అడ్డంగా ఆనించండి. మూడో వేలు దాటినచోట, పిడికిలి బిగిస్తే తేలే రెండు తాళ్ల నడుమ, బొటనవేలు దిగే గుంట దొరుకుతుంది. పిడికిలి వదిలేసి, తియ్యగా నొప్పి తెలిసేదాకా ఒత్తి, రెండు నిమిషాలు ఊపిరి నెమ్మదిగా తీసుకుంటూ ఉండండి. చేయి మార్చి మళ్లీ చేయండి. వేళ్లలోకి జివ్వుమని లాగితే ఒత్తిడి తగ్గించండి. పిల్లవాడికైతే కొలవవలసింది పిల్లవాడి వేళ్లతో.”